గ్రీకు వాళ్ళ నూరు: ఎకతొ అనాలా, ఎకతొన్ అనాలా?

గోదారిపిల్ల

అందరికీ నమస్కారం. నేను సైప్రస్‌లో, లిమసోల్‌లో ఉంటున్నాను. ఒక బేకరీ కౌంటర్లో పని. వచ్చి ఏడాదిన్నర అయింది. గ్రీకు ఎక్కడా నేర్చుకోలేదు, చెవిన పడ్డది పడ్డట్టు పట్టుకుంటున్నా. రొట్టె, పాలు, చిల్లర వరకూ బండి నడిచిపోతోంది. పెద్ద అంకెలు వస్తేనే టెన్షన్.

నూరుకి ఎకతొ అంటారని తెలుసు. మొన్న పుట్టినరోజు ఆర్డరు ఒకటి వచ్చింది, బిల్లు నూట ఆరు యూరోలు. లోపలి నుంచి ఓనరమ్మ "ఎకతొ నెక్సి" అని అరిచింది. ఆరంటే ఎక్సి కదా, ఈ నెక్సి ఎవరు? ఇదేదో నాకు తెలియని అంకె అనుకుని బిక్కమొహం వేసుకుని నిలబడ్డా. తర్వాత గమనిస్తే నూట ఒకటికి "ఎకతొ నెన" అంటున్నారు. ఒకటి ఎన కదా! నూట యాభై ఇంకా ఘోరం. యాభై పెనింద అయితే, వీళ్ళు "ఎకతొంబెనింద" అంటున్నారు. తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

బండి ఱ

గోదారిపిల్ల గారూ, నెక్సి అనే అంకె లేదు, కంగారు పడకండి. ఆ న ఆరుది కాదు, నూరుది.

మీరు తెలుగులో రోజూ చేసే పనే వాళ్ళూ చేస్తున్నారు. నూరు ఒంటరిగా ఉంటే నూరు. వెనక చిల్లర తగిలిందా, నూట. నూట ఒకటి, నూట పది, నూట పదహార్లు. "నూరు ఆరు" అని చిన్నపిల్లలు కూడా అనరు. గ్రీకులో కూడా ఒంటరి నూరు ఎకతొ, నూట ఒకటి నుంచి నూట తొంభై తొమ్మిది దాకా ఎకతొన్. ఎకతొన్ ఎక్సి. గబగబా అంటే న వెళ్ళి పక్క అచ్చు ఒళ్ళో కూర్చుంటుంది, మీకు నెక్సి అని వినిపిస్తుంది. ఎకతొన్ పక్కన పెనింద వస్తే న కాస్తా ప పక్కన మ అవుతుంది, ఆ మ పక్కన ప బ అవుతుంది. మనం "సం + పూర్ణం" అన్నప్పుడు సున్నా మ అయిపోవడం లేదూ? వాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేసి ప ని కూడా మెత్తబరిచారు, అంతే.

ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి. పక్కన అచ్చు ఉంది కదా అని న రాదు. నూరు యూరోలు అంటే "ఎకతొ ఎవ్రొ", అక్కడ న లేదు. లక్ష అనడానికి నూరు వేలు అంటారు, "ఎకతొ హిలియదెస్", అక్కడా లేదు. మనమూ నూట వేలు అనం కదా, నూరు వేలు అంటాం. వెనక చిల్లర చేరినప్పుడే న.

గోదారిపిల్ల

అయ్యబాబోయ్. నూట అని చెప్తే ఒక్క ముక్కలో ఎక్కేసింది. ఏడాదిన్నర నుంచి ఈ నెక్సి, నెన ఏంటా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా.

హైద్రాబాదీ పోరడు

బండి ఱ అన్నా, మరి రెండింటికీ సంబంధం ఉందా? నూట, ఎకతొన్ ఒకే లెక్కన మారుతున్నయి కదా.

బండి ఱ

లేదు తమ్ముడూ. పని ఒకటే, పుట్టుక వేరు. నూట అనేది ఇంకో మాట ముందు నూరు మారే రూపం. పాత రాతలో ఇది నూఱు, నా పేరులో ఉన్న ఱ. ఆ ఱ విభక్తి ముందు ట అవుతుంది: ఏఱు, ఏటి ఒడ్డు; నూఱు, నూటికి. మామూలు ర ఉన్న ఊరు చూడండి, ఊరికి అంటాం గానీ ఊటికి అనం. అంటే మన ట ఆ ఱ మారగా వచ్చింది. గ్రీకు న అలా కాదు, అది మొదటి నుంచీ ఉన్నదే. ఒంటరిగా ఉన్నప్పుడు రాలిపోయింది, వెనక ఇంకో అంకె ఉన్నచోట దాని చాటున బతికిపోయింది. మనది మార్పు, వాళ్ళది మిగులు.

పాత పలక

ఈ దారం ఇప్పుడే చూశాను. నేను కొన్నాళ్ళు పాత గ్రీకు చదివినవాణ్ణి, ఇలాంటివి కనిపిస్తే చేతులు ఊరుకోవు.

ఏథెన్సులో రెండున్నర వేల ఏళ్ళ కిందట ఈ మాట హెకతొన్. నేను తెలుగులో రాసింది ఉజ్జాయింపు కాదు, దాదాపు ఉన్నది ఉన్నట్టే. పాత గ్రీకులో ఎప్సిలాన్ అక్షరానికి ఈటా అక్షరానికి తేడా మన ఎకి ఏకి ఉన్న తేడా లాంటిదే. ఒమిక్రాన్, ఒమేగా మన ఒ, ఓ. ఈ మాటలో ఎ, ఒ రెండూ హ్రస్వాలు. నాగరిలో మామూలుగా వీటికి అక్షరాలే లేవు, రాయాలంటే తంటాలు పడాలి. మన లిపిలో నాలుగు అక్షరాల్లో తేలిపోతుంది. ఇంకో సంగతి, అది త, ట కాదు. పళ్ళకు తగిలే త. ఇంగ్లీషు మీదుగా తెచ్చుకుని హెకటాన్ అని రాసేవాళ్ళను చూస్తే నాకు పళ్ళు పులుస్తాయి.

హెకతొన్ నుంచి ఎకతొ దాకా వచ్చేసరికి మూడు జరిగాయి. ముందు హ పోయింది. అయోనియా (ఇప్పటి టర్కీ పడమటి తీరం) వైపు చాలా ముందే పోయింది, మిగతా చోట్ల క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో. చివరి అక్షరం మీద గొంతు పైస్థాయికి లేచే స్వరం కాస్తా, గట్టిగా నొక్కి పలికే ఊనికగా మారింది. ఇప్పుడు ఎక*తొ* అని చివర నొక్కాలి. మధ్యయుగాల్లో చివరి న పోయింది. గోదారిపిల్ల గారూ, మీరున్న చోట ఈ మూడోది పూర్తి కాలేదు. సైప్రస్ మాండలికంలో చాలా మాటలకు చివరి న ఇంకా ఉంది. మీ బేకరీకి వచ్చే ముసలివాళ్ళ నోట గమనించండి.

గోదారిపిల్ల

నిజమేనండి! పల్లెల నుంచి వచ్చే మామ్మలు ప్రతి మాటా న తో ముగిస్తారు. నేను ముక్కుతో మాట్లాడే అలవాటు అనుకున్నా.

శతమానం

ఇన్ని మాటలు చెప్పారు, అసలు మాట ఎవరూ చెప్పరేం? కతొన్ అంటే మన శతమ్. శ ని క చేశారు, మ ని న చేశారు, అయిపోయింది. సంస్కృతం నుంచి వెళ్ళింది అని చెప్పడానికి మొహమాటం దేనికో.

హైద్రాబాదీ పోరడు

షురూ అయింది 😄

బండి ఱ

మొహమాటం ఏమీ లేదండీ. శతమ్, కతొన్ చుట్టాలే, అందులో సందేహం లేదు. తల్లీబిడ్డలు కారు, అక్కచెల్లెళ్ళు.

క నుంచి శ రావడం తేలిక, శ నుంచి క రావడం కష్టం. నాలుక ముందుకు జారడం భాషలకు అలవాటు. మన ఇంట్లోనే ఉంది సాక్ష్యం. కన్నడంలో కివి, మనకు చెవి. కన్నడంలో కెరె, మనకు చెరువు. క జారి చ అయింది. చ వెనక్కి వెళ్ళి క అయిన దాఖలా చూపించండి చూద్దాం. లాటిన్ కెంతుమ్, గ్రీకు కతొన్ పాత క ని ఉంచుకున్నాయి. సంస్కృతం శతమ్, ఇరాన్ వైపు అవెస్తా సతెమ్ దాన్ని జార్చుకున్నాయి. ఈ మాటనే గుర్తుగా పెట్టి భాషాశాస్త్రంలో కెంతుమ్ గుంపు, సతెమ్ గుంపు అని పేర్లు కూడా పెట్టారు.

ఇంకోటి ముక్కు ధ్వని. లాటిన్ కెంతుమ్‌లో త ముందు న ఉంది. ఇంగ్లీషు హండ్రెడ్‌లో ఉంది. లిథువేనియన్‌లో నూరు అంటే షిమ్తస్, అక్కడైతే మ చెక్కు చెదరకుండా ఉంది. శతమ్ తల్లి అయితే, తల్లికి లేని ముక్కుపుడక ఇంతమంది కూతుళ్ళకు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ భాషలన్నిటికీ తల్లి అయిన పాత భాషలోని మూల రూపంలో త ముందు అచ్చులా నిలబడే ఒక మ్ ఉండేది. సంస్కృతంలోనూ గ్రీకులోనూ అది అ గా మారిపోయింది. అందుకే మన రెండు మాటలూ అంత దగ్గరగా కనిపిస్తాయి.

పాత పలక

దీనికి ఒక ముక్క తగిలిస్తాను. ఆ మూల రూపం మొదట్లో ఒక ద కూడా ఉండేదని అంటారు. పది అనే మాటలోంచే నూరు పుట్టింది, "పదుల పది" అన్నట్టు. దశ, దెక పక్కన శతమ్, కతొన్ పెట్టి చూడండి. శ-క జత మళ్ళీ కనిపిస్తుంది. పంచాశత్ అంటే యాభై కదా, గ్రీకులో పెంతేకొంత. మన శత్, వాళ్ళ కొంత ఒకే ముక్క. గోదారిపిల్ల గారి పెనింద ఆ పెంతేకొంత అరిగిపోగా మిగిలినదే.

హైద్రాబాదీ పోరడు

సరే, కతొన్ శతమ్ అయితే ముందున్న "హె" ఏంది? ఎవరూ చెప్తలేరు.

పాత పలక

మంచి ప్రశ్న, అసలు మజా అక్కడే ఉంది. హె అంటే ఒకటి. హెకతొన్ అంటే "ఒక నూరు". మనం "ఒక వంద ఇవ్వు" అంటాం కదా, అలా అనీ అనీ ఆ ఒక మాటకే అతుక్కుపోయింది. మొదట్లో ఉండే స గ్రీకులో హ అవుతుంది. సప్త అక్కడ హెప్త, సమ అక్కడ హొమొ. అలాగే ఒకటి అనే పాత స-ముక్క అక్కడ హ-ముక్క అయింది. సంస్కృతంలో సకృత్, అంటే ఒకసారి, అందులోని స కూడా అదే.

ఇప్పుడు సహస్రం విడదీయండి. స + హస్ర. ఆ స కూడా ఒకటే! "ఒక వెయ్యి". సంస్కృతం వెయ్యికి ఒకటి తగిలించి నూరుని వదిలేసింది. గ్రీకు నూరుకి తగిలించి వెయ్యిని వదిలేసింది. గ్రీకు వెయ్యి ఖీలియొయ్, దాని ముందు ఏమీ లేదు. ఇది మొదటిసారి చదివిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. మా ఆవిడకు చెప్తే "నూరుకీ వెయ్యికీ ఒకటి పెడితే మీ జీతం పెరుగుతుందా" అంది.

హైద్రాబాదీ పోరడు

ఆగు ఆగు. హస్ర అంటే మా హజార్‌కి చుట్టమా?

పాత పలక

హస్ర కాదు, సహస్ర మొత్తం. ఇరాన్ వైపు కూడా స హ అవుతుంది, సింధు హిందు అయినట్టు. సహస్ర అక్కడ హజంగ్ర, తర్వాత పారసీలో హజార్, ఉర్దూ మీదుగా మీ చార్మినార్ దగ్గరికి. "హజార్ రూపాయలు" అన్నప్పుడు ఆ మొదటి హ లో కూడా ఒకటి దాక్కుని ఉంది.

హైద్రాబాదీ పోరడు

ఏక్ హజార్ అంటే ఒకటి రెండుసార్లు అన్నట్టా మరి. పరేషాన్ చేసినవ్ అన్నా.

కూనలమ్మ

చిన్న సందేహం. పాత పలక గారూ, ఆ స ముక్కకు గ్రీకులో హ రావాలి కదా? హపక్స్ అంటే ఒకసారి అని ఎక్కడో చదివాను. మరి హకతొన్ కాకుండా హెకతొన్ ఎందుకైంది?

పాత పలక

దొరికిపోయాను. మీరన్నది నిజం, లెక్క ప్రకారం హకతొన్ రావాలి. ఒకటికి నపుంసక రూపం హెన్. దాని ప్రభావంతో హ కాస్తా హె అయిందని ఎక్కువమంది చెప్పే మాట. లెక్కపెట్టేటప్పుడు పక్క అంకె పోలికలోకి ఒదిగిపోవడం చాలా భాషల్లో ఉన్నదే. ప్రాంతాన్ని బట్టి లోపలి అచ్చు కూడా మారింది, అర్కేడియా శాసనాల్లో హెకొతొన్ అని ఉంది.

శతమానం

అక్కచెల్లెళ్ళు అన్నది ఆలోచించాను. ముక్కుపుడక దగ్గర నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటాను. అయితే పాత పలక గారు "చివరి అక్షరం మీద గొంతు లేస్తుంది" అన్నారు. నేను చిన్నప్పుడు ఆరేళ్ళు వేదం చెప్పుకున్నాను. "పశ్యేమ శరదః శతమ్, జీవేమ శరదః శతమ్" అన్నచోట స్వరం గుర్తున్నది. పుస్తకంలో శ కింద గీత ఉంటుంది, అనుదాత్తం. త కి ఏ గుర్తూ ఉండదు, అంటే ఉదాత్తం. మరి ఇదీ చివరి అక్షరమే కదా?

పాత పలక

శతమానం గారూ, మీకు పాదాభివందనం. ఈ దారంలో ఇంతవరకూ వచ్చిన వాటిలో ఇదే గట్టి సాక్ష్యం.

శతమ్, హెకతొన్. రెండింటిలోనూ ఉదాత్తం చివరి అక్షరం మీదే. అక్షరాలు మారాయి, దేశాలు మారాయి, గొంతు లేచే చోటు మారలేదు. ఇంగ్లీషు హండ్రెడ్‌లో థ ఉండాల్సిన చోట డ ఉండటానికి కూడా ఈ స్వరమే కారణం. డెన్మార్క్‌కు చెందిన కార్ల్ వెర్నర్ 1870ల్లో ఈ గుట్టు విప్పాడు. భ్రాతృ శబ్దంలో ఉదాత్తం ముందుంది, పితృ శబ్దంలో వెనక ఉంది. జర్మన్ తెగల పాత భాషల్లో ఆ రెండు మాటల త వేరువేరుగా మారడానికి కారణం అదే. ఆ స్వరస్థానాలు ఎలా తెలిశాయంటారా, వేదపాఠం వల్లనే. మీ గురువుగారు మీ చేత వల్లె వేయించింది అదే.

శతమానం

మా గురువుగారు బెత్తంతో వల్లె వేయించారండీ. ఇన్నాళ్ళకి ఆ దెబ్బలకు న్యాయం జరిగింది.

లెక్కల మాస్టారు

నేను రిటైరైన లెక్కల మాస్టారిని. వ్యుత్పత్తులు నాకు రావు, పొలం కాగితాలు వచ్చు. నిన్న మా తోడల్లుడి భూమి పంపకంలో కూర్చున్నాను. ఆ కాగితాల్లో విస్తీర్ణం హెక్టార్లలో, పక్కన ఎకరాలూ సెంట్లూ, వాటా శాతంలో. ఒకే కాగితం మీద మూడు నూర్లు ఉన్నాయని ఇప్పుడు అర్థమైంది. హెక్టారు గ్రీకు నూరు, అంటే ఆర్ అనే విస్తీర్ణపు కొలతలు నూరు. సెంటు లాటిన్ నూరు, ఎకరంలో నూరో వంతు. శాతం మన నూరు. హెక్టారుకి 2.47 ఎకరాలు, అంటే 247 సెంట్లు. ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఒకే దస్తావేజు మీద, పంచుకునే అన్నదమ్ములు మాత్రం ఎడమొహం పెడమొహం.

నా ప్రశ్న ఇది. మాట హెకతొన్ అయితే హెకతారు కావాలి కదా, హెక్టారు ఎలా అయింది?

పాత పలక

అది ఫ్రెంచివాళ్ళ చేతివాటం మాస్టారూ. 1795లో మెట్రిక్ చట్టం చేసినప్పుడు పెద్ద కొలతలకు గ్రీకు ముక్కలు ఎత్తుకున్నారు. హెకతొన్ నోటికి బరువైంది కాబోలు, మధ్యలో కోసేసి హెక్తొ చేశారు. గ్రీకు తెలిసినవాడికి ఇది ఇబ్బందిగా ఉంటుంది. ఎందుకంటే హెక్తొస్ అంటే గ్రీకులో ఆరవది! నూరు అందామనుకుని ఆరోది అన్నట్టైంది. కిలో కూడా అంతే, ఖీలియొయ్ ని కోసి చేసిందే.

మాస్టారికి నచ్చే మాట ఇంకోటుంది. పది లక్షలకు ఇప్పటి గ్రీకులో ఎకతొమ్మీరియొ అంటారు. నూరు + మీరియ. మీరియ అంటే పదివేలు. నూరు పదివేలు, లెక్క సరిపోయిందా? పదివేలను ఒక మెట్టుగా పెట్టుకున్నవాళ్ళు కనుక అలా కట్టారు, మనం లక్షను మెట్టుగా పెట్టుకున్నట్టు. పాత గ్రీకులో ఈ మీరియ మాటకు స్వరం ముందుంటే పదివేలు, మధ్యలో ఉంటే "లెక్కలేనన్ని". స్వరం తప్పితే లెక్క తప్పినట్టే.

లెక్కల మాస్టారు

సరిపోయింది. నూరుని పదివేలతో హెచ్చిస్తే పది లక్షలు. అంకెల గుర్తులు ఏవండీ వాళ్ళకి? సున్నా లేదు కదా.

పాత పలక

అంకె గుర్తుల కథ చెప్పకపోతే నాకు అన్నం సయించదు. ఇంకా వెనక్కి వెళ్తే, క్రీటు దీవిలోనూ గ్రీసులోని పైలొస్‌లోనూ దొరికిన, లీనియర్ బి అనే పాత లిపి ఉన్న మట్టి పలకల మీద నూరు అంటే ఒక గుండ్రటి సున్నా చుట్టడమే. నిలువు గీత ఒకటి, అడ్డగీత పది, వలయం నూరు. ఆ లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ ఛేదించాక అది గ్రీకే అని తేలింది.

తర్వాత ఏథెన్సు. అక్కడ అంకెకి దాని పేరులోని మొదటి అక్షరమే గుర్తు. మనం కిలోమీటరుకి కి.మీ. అని రాసినట్టు. దెకకి ద అక్షరం, పెంతెకి ప అక్షరం, హెకతొన్‌కి హ అక్షరం. ఆ హ అక్షరం ఆకారం ఇప్పటి ఇంగ్లీషు హెచ్. రెండు నిలువు గీతలు, మధ్యన అడ్డగీత. సామంత నగరాలు ఏథెన్సుకి కట్టిన సొమ్ము లెక్కలు చెక్కిన పాలరాళ్ళ మీద ఈ హెచ్‌లు బారులు తీరి ఉంటాయి. ఐదువందలకి ప ఆకారం గీసి దాని కడుపులో చిన్న హెచ్ పెట్టేవాళ్ళు.

ఇక అసలు తమాషా. హ పలకని అయోనియావాళ్ళకు ఆ అక్షరంతో పనిలేదు, దాన్ని "ఏ" అనే దీర్ఘాచ్చుకి వాడుకున్నారు. అదే ఈటా. క్రీస్తుపూర్వం 403లో ఏథెన్సు కూడా అయోనియా అక్షరాలనే అధికారికంగా తీసుకుంది. దాంతో మాటల్లో హెచ్ ఆకారం "ఏ" అయిపోయింది, లెక్కల్లో మాత్రం హెకతొన్ గానే ఉండిపోయింది. అక్షరం ఉద్యోగం మారినా పాత ఇంటి పేరు పోనట్టు. హ ధ్వనికి ఏదో ఒక గుర్తు కావాలి కదా, ఆ హెచ్‌నే నిలువునా చీల్చి ఎడమ సగాన్ని వాడారు. అది అరిగి అరిగి తిరగేసిన కామాలా అచ్చు నెత్తిన కూర్చుంది. నోట్లోంచి హ పోయి పదిహేను వందల ఏళ్ళు దాటినా బడిపిల్లలు ఆ గుర్తు పెట్టడం బట్టీ పట్టేవాళ్ళు. గ్రీసు ప్రభుత్వం 1982లో ఆ గుర్తులు తీసేసింది.

బండి ఱ

మా ఱ ని కూడా ఇలాగే తీసేశారు. కనీసం ఎవరైనా సంతాపం చెప్పండి.

కూనలమ్మ

సంతాపం. పాత పలక గారూ, వ్యాకరణం కాస్త చెప్తారా? మనకు నూరు మంది, నూరు చెట్లు అని మంది ఒక్కటే తేడా. వాళ్ళకు లింగాలు, విభక్తులు ఉన్నాయి కదా, నూరు ఎలా మారుతుంది?

పాత పలక

మారదు, హాయి. పాత గ్రీకులో ఒకటి నుంచి నాలుగు దాకా మారతాయి, ఐదు నుంచి నూరు దాకా రాయిలా కదలవు. రెండువందల నుంచి మళ్ళీ మొదలు. దియాకొసియొయ్ మగవాళ్ళకు, దియాకొసియయ్ ఆడవాళ్ళకు, దియాకొసియ నపుంసకానికి, పైన విభక్తులు. ఇప్పటికీ రెండువందల నుంచి లింగం ఉంది. నూటికి లేదు గానీ చిల్లరలో ఒకటి, మూడు, నాలుగు ఉంటే ఆ చిల్లరకి లింగం ఉంటుంది. నూట ఒక్క ఆడవాళ్ళంటే ఎకతొన్ మీయ, నూట ఒక్క కేకు అయితే ఎకతొన్ ఎన.

సంస్కృతంలో శతమ్ నపుంసక నామం, దానికి విభక్తులు పెట్టొచ్చు. ఈ విషయంలో గ్రీకు చెల్లెలు బద్ధకస్తురాలు.

బండి ఱ

మనకీ పూర్వం ఇంకో రూపం ఉండేది. కౌరవులను నూర్వురు అనేవారు కవులు. ముగ్గురు, నలుగురు అన్నట్టు నూర్వురు. ఇప్పుడు "వంద మంది" వచ్చి దాన్ని తొక్కేసింది.

లెక్కల మాస్టారు

నూటికి ఇంత అని వాళ్ళెలా చెప్తారు? మా బడిలో నేను "నూటికి నూరు వచ్చిన వాళ్ళు చెయ్యెత్తండి" అనేవాణ్ణి. ఎవరూ ఎత్తేవాళ్ళు కాదనుకోండి.

పాత పలక

మాస్టారూ, ఈ దారానికి కిరీటం మీ ప్రశ్నే. గ్రీకులో నూటికి పది అంటే "దెక తిస్ ఎకతొ". ఈ తిస్ రాతలో తొయ్స్ అని ఉంటుంది, చతుర్థీ విభక్తి గుర్తు. అంటే అక్షరాలా మన "కి". ఎకతొ తిస్ ఎకతొ అంటే నూటికి నూరు!

గ్రీకులో చతుర్థి ఎప్పుడో చచ్చిపోయింది. ఇప్పుడు "అతనికి ఇచ్చాను" అనాలన్నా వేరే దారి తొక్కాలి. కానీ బ్యాంకులో వడ్డీ చెప్పేటప్పుడు, దుకాణంలో తగ్గింపు బోర్డు చదివేటప్పుడు ఆ చచ్చిపోయిన విభక్తి బతికొస్తుంది. వాడేవాళ్ళలో చాలామందికి అది విభక్తి అన్న ధ్యాసే ఉండదు. మాటవరసకు "దెక త ఎకతొ" అని కూడా అంటారు, చతుర్థి ఎందుకులే అని.

గోదారిపిల్ల

మా బేకరీ గాజు తలుపు మీద సాయంత్రం ఆరు తర్వాత ఇరవై తిస్ ఎకతొ అని కాగితం అంటిస్తాం! నేనే అంటిస్తా రోజూ. నూటికి ఇరవై అని ఇప్పటిదాకా తట్టలేదు.

అందరికీ థాంక్సండీ. ఇంకొక్కటి అడిగేసి వెళ్ళిపోతా. నిన్న నా పుట్టినరోజు. ఎవరికీ చెప్పలేదు, ఫేస్‌బుక్‌లో చూసిందో ఏమో మా ఓనరమ్మ వాళ్ళమ్మ, ఎనభై దాటిన ముసలావిడ, కర్ర పట్టుకుని కౌంటర్ దాకా వచ్చింది. నా చెంపలు రెండూ పట్టుకుని "న త ఎకతొస్తీసిస్" అంది. రెండుసార్లు అంది. ఎకతొ వినపడింది కాబట్టి నూరు యూరోలేమైనా అడుగుతోందా అనుకుని గల్లా పెట్టె వైపు చూశా. ఆవిడ నవ్వింది. ఏమన్నట్టు?

పాత పలక

గల్లా పెట్టె మూసెయ్యమ్మా. ఎకతొ నుంచి వాళ్ళొక క్రియ చేసుకున్నారు, "నూరు చెయ్యడం". ఆ త అంటే "వాటిని", ఇక్కడ ఏళ్ళని. "వాటిని నూరు చేద్దువు గాక" అని దీవించింది.

శతమానం

శతమానం భవతి, శతాయుః పురుషః.

బండి ఱ

నూరేళ్ళు చల్లగా ఉండమంది తల్లీ. ఆవిడ మళ్ళీ వస్తే ఆ చివరి న వినిపిస్తోందో లేదో కాస్త చెవి పెట్టి విను.

గోదారిపిల్ల

సరేనండి. ఆవిడ ఎకతొన్ అంటుందో ఎకతొ అంటుందో రేపు రొట్టె లెక్కలో అడిగిస్తా. నూరు రొట్టెలు ఎందుకే అని తిడుతుందేమో!